బ్యాండ్ మానేశాను

రెండేళ్లు ప్రతి ఆదివారం బేస్ గిటార్ వీపున వేసుకుని సికింద్రాబాద్ నుంచి మెట్రోలో జామ్ రూమ్‌కి, అంటే బ్యాండ్‌లు ప్రాక్టీస్ చేసుకునే గదికి, వెళ్లాను. అద్దె గంటల లెక్కన. పదింటికి అనుకుంటే డ్రమ్మర్ పదకొండున్నరకి వచ్చేవాడు. ఈలోగా గిటారిస్టులిద్దరూ ఆంప్లిఫయర్ సౌండ్ గురించి గొడవ. పైస్థాయిలో గొంతు పలకడం లేదు, పాటని ఒక శ్రుతి దించుదాం అన్నా అంటే సింగర్‌కి కోపం. పాట మాత్రం మొదటి చరణం దాటేది కాదు.

ఇవన్నీ ఓర్చుకున్నాను. కానీ మొన్న 'రిహార్సల్ క్యాన్సిల్' అని మెసేజ్ రాగానే ప్రాణం హాయిగా అనిపించింది. ఆ హాయి చూసి చాలా బాధేసింది. అప్పుడే నిర్ణయించుకున్నాను.

ఒప్పుకున్న కాలేజీ షో వాయించాకే వెళ్తానని చెప్పాను. రాత్రి ఇంట్లో నాలుగు తీగలూ శ్రుతి చేసుకుని, ఒక్కడినే చాలాసేపు వాయించాను.