బైదసీ ఇంటిపేరు వేట: ఎనిమిది నెలల్లో ఎంతదాకా వచ్చాను

ఇంగ్లండ్‌లో ట్రోబ్రిడ్జ్ అనే ఊరుంది. విల్ట్‌షైర్ కౌంటీ (మన జిల్లా లాంటిది) పాలనా భవనం, కౌంటీ హాల్, ఉన్నది అక్కడే. అది ఉన్న రోడ్డు పేరు బైదసీ (Bythesea) రోడ్, విడదీస్తే ‘బై ద సీ’. పనిమీద వెళ్ళి ఆ బోర్డు చూసినప్పుడు ఆగిపోయాను. విల్ట్‌షైర్‌కు ఏ వైపునా సముద్రం లేదు. మరి రోడ్డుకు ‘సముద్రం పక్కన’ అని పేరేమిటి? అడిగితే అదొక ఇంటిపేరని తెలిసింది. మా అమ్మమ్మ పుట్టింటివాళ్ళు సముద్రాల వాళ్ళు. వాళ్ళ ఊళ్ళోనూ సముద్రం లేదు. ఆ రాత్రే నోటుబుక్కు తెరిచాను.

ఈ ఇంటిపేరున్న వాళ్ళలో చరిత్రకెక్కినవాడు బ్రిటిష్ నౌకాదళ అధికారి జాన్ బైదసీ. 1827లో సోమర్‌సెట్‌లోని ఫ్రెష్‌ఫర్డ్‌లో పుట్టాడు. తండ్రి అక్కడి చర్చి రెక్టర్, అంటే పాదిరి. 1854 ఆగస్టులో, రష్యాతో యుద్ధం జరుగుతుండగా, బాల్టిక్ సముద్రంలోని వార్డో దీవిలో రష్యన్ ఉత్తరాలు మోసుకెళ్ళేవాళ్ళకోసం కాపు కాశాడు. తోడుగా స్వీడిష్ భాష వచ్చిన జాన్‌స్టన్ అనే స్టోకర్ (ఓడ బాయిలర్లో బొగ్గు వేసేవాడు) ఒక్కడే. అవతల ఐదుగురు. ఇద్దరు పారిపోయారు, మిగిలిన ముగ్గురినీ ఉత్తరాలతో సహా ఓడకు పట్టుకొచ్చారు. దానికి బ్రిటన్‌లో అత్యున్నత సాహస పతకమైన విక్టోరియా క్రాస్ వచ్చింది. తర్వాత 1874 నుంచి 1880 దాకా మన దేశంలోని బ్రిటిష్ ప్రభుత్వానికి నౌకా వ్యవహారాల సలహాదారుగా ఉన్నాడు. ఆ సంగతి చదివాక ఆయన నాకు ఇంకాస్త దగ్గరివాడిలా అనిపించాడు.

పద్ధతి మామూలే. ఉన్న మనిషి నుంచి వెనక్కి నడవాలి. ఇంగ్లండ్, వేల్స్‌లో ప్రభుత్వం జనన మరణాలు నమోదు చేయడం 1837 జులై 1న మొదలైంది. ఆ రికార్డులు ఉంచే జనరల్ రిజిస్టర్ ఆఫీసు వారి ఆన్‌లైన్ ఇండెక్సులో మొదటినుంచీ తల్లి పుట్టింటి పేరు కూడా దొరుకుతుంది. పాత ఇండెక్సులో అయితే అది 1911 నుంచే. నాలాగా మొదలుపెట్టేవాళ్ళు పూర్తి సర్టిఫికెట్ కొనేముందు డిజిటల్ ఇమేజ్ ఉందేమో చూడండి. నాకు ఒక్కొక్కటి మూడు పౌండ్లకే వచ్చింది.

అరుదైన ఇంటిపేరు కదా, వెతకడం తేలికనుకున్నాను. దొరికినవాళ్ళంతా చుట్టాలే అయి ఉంటారన్న లాభం నిజమే. కానీ పేరును సరిగా ఎక్కించినవాళ్ళే తక్కువ. ఒక జనాభా లెక్కల పేజీని పెద్దది చేసి చూశాను. రాసినాయన చివరి ‘ఎ’ అక్షరాన్ని పైన మూయకుండా వదిలేశాడు, అందుకని ఇండెక్సు చేసినవాళ్ళు ‘యు’ అని చదివారు. ఇంకోచోట ‘బై’ని రెండో పేరుగా, ‘దసీ’ని ఇంటిపేరుగా విడగొట్టారు. ఇప్పుడు నేను అచ్చులన్నీ తీసేసి, వాటి స్థానంలో నక్షత్రం గుర్తు పెట్టి వెతుకుతున్నాను. విడిగా ‘దసీ’ కోసం కూడా.

1837కు ముందు చర్చి రిజిస్టర్లే దిక్కు. అవి 1538లో మొదలయ్యాయి. ఇక్కడ తారీఖులు జాగ్రత్త. 1752కు ముందు ఇంగ్లండ్‌లో కొత్త సంవత్సరం మార్చి 25న వచ్చేది. 1698 ఏప్రిల్‌లో పెళ్ళి, 1698 ఫిబ్రవరిలో బిడ్డకు బాప్తిస్మం అని ఉంటే కంగారు పడక్కర్లేదు, ఆ ఫిబ్రవరి మన లెక్కలో 1699.

నేను చేసిన పెద్ద పొరపాటు వేరే. ట్రోబ్రిడ్జ్ నుంచి ఫ్రెష్‌ఫర్డ్‌కు రైల్లో కాసేపు. కానీ మధ్యలో కౌంటీ సరిహద్దు ఉంది. ట్రోబ్రిడ్జ్ కాగితాలు చిప్పెన్‌హామ్‌లోని విల్ట్‌షైర్ అండ్ స్విండన్ హిస్టరీ సెంటర్‌లో, ఫ్రెష్‌ఫర్డ్ కాగితాలు టాంటన్‌లోని సోమర్‌సెట్ హెరిటేజ్ సెంటర్‌లో. రెండు నెలలు చిప్పెన్‌హామ్ కాగితాలు మాత్రమే చూసి, కుటుంబం మధ్యలో మాయమైందని బెంగపెట్టుకున్నాను. వాళ్ళెక్కడికీ పోలేదు, సరిహద్దు దాటారంతే.

వీలునామాల దగ్గర మాత్రం నిజంగానే గుండె జారింది. సోమర్‌సెట్ వీలునామాలు ఎక్సెటర్‌లో భద్రపరిచారు. 1942 మేలో జర్మన్ బాంబు దాడిలో తగలబడిపోయాయి. తరతరాల మాటలు, ఎవరికి ఏ మంచం, ఏ పొలం అన్నవి, ఒక్క రాత్రిలో బూడిద. మిగిలిన దారులు రెండు. ఆస్తి ఎక్కువున్నవాళ్ళ వీలునామాలు కాంటర్‌బరీ ఆర్చిబిషప్ కోర్టుకు వెళ్ళేవి, అవి నేషనల్ ఆర్కైవ్స్‌లో భద్రంగా ఉన్నాయి. రెండోది, 1812 నుంచి 1857 దాకా పన్ను కోసం తీసిన వీలునామాల నకళ్ళు. అవి టాంటన్‌లో ఉన్నాయి.

ఇక అసలు ప్రశ్న, సముద్రం ఏది? ఆ జవాబుకు దారి చూపింది మా అమ్మ. అనంతపురం నుంచి ఫోన్‌లో మాట్లాడుతూ, “సముద్రమంటే ఉప్పునీళ్ళే కావాల్నా? బుక్కరాయసముద్రంలో ఏముందిరా, చెరువే కదా!” అంది. ఫోన్ పెట్టగానే పాత ఇంగ్లీషు నిఘంటువు తీశాను. ‘సీ’కి మూలమైన మాటకు సముద్రమనీ, సరస్సు అనీ రెండర్థాలూ ఉన్నాయి. జర్మన్‌లో నేటికీ సరస్సును ‘జే’ అంటారు. సోమర్‌సెట్‌లో ఇల్‌మిన్‌స్టర్ పక్కన ‘సీ’ అనే పల్లె కూడా ఉంది. ఆ జిల్లా పల్లపు నేలలు చలికాలం వస్తే నీళ్ళలో మునిగేవి, అక్కడి మీర్ అనే ఊరి దగ్గర పెద్ద సరస్సే ఉండేది. ఈ ఇంటి మొదటి మనిషి ఓడరేవు పక్కన కాదు, ఏదో మడుగు గట్టున ఉన్నాడని నా నమ్మకం. నిరూపించాలంటే 1500లకు ముందటి పన్ను జాబితాలు చూడాలి. అవి లాటిన్‌లో ఉంటాయి, ఆ చేతిరాత నేర్చుకోవడం మొదలుపెట్టాను.

వచ్చే నెల రెండు రోజులు సెలవు పెట్టి టాంటన్ వెళ్తున్నాను. మొదట పన్ను నకళ్ళు, తర్వాత ఫ్రెష్‌ఫర్డ్ రిజిస్టర్లు. లోపల పెన్ను వాడనివ్వరు, పెన్సిలే. నాలుగు చెక్కి సంచిలో పెట్టుకున్నాను. ఏం దొరికినా అమ్మకే ముందు చెప్పాలి.