వెలుతురులో చూసుకోండమ్మా

శనివారం

పెళ్ళికి కట్టాల్సిన నెమలికంఠం పట్టుచీరకి ఫాల్ కుట్టించి, జాకెట్టు లైనింగ్ తెచ్చుకుందామని బయల్దేరాను. విశాఖ సీతమ్మధారలో మా వీధి చివరే రెండు మ్యాచింగ్ సెంటర్లున్నాయి. అయినా చీర పని అనగానే కాళ్ళు జగదాంబ వైపే వెళ్తాయి. జంక్షన్ దాటి సూర్యాబాగ్ వైపు నడిస్తే మావయ్య కొట్టున్న కాంప్లెక్స్ వస్తుంది.

గేటుకి కాగితం అంటించి ఉంది. భవనం కూలగొట్టి కొత్తది కడతారట, నెలాఖరుకల్లా షాపులన్నీ ఖాళీ చేయాలి. రెండు నెలలుగా మావయ్య ఫోన్లో చెబుతూనే ఉన్నారు, ఆ కాగితం చదివాక గానీ నాకు నిజమనిపించలేదు.

"వచ్చేవా అమ్మడూ, ఈ టూ బై టూ జాకెట్టు గుడ్డ తానులు రంగులవారీగా కట్టిపెట్టు. ఈమధ్య నాకు నీలం, నలుపు ఒక్కలాగే కనిపిస్తున్నాయి" అన్నారు. చీర సంచి పక్కన పెట్టి తానుల ముందు కూర్చున్నాను.

ఆ కాంప్లెక్స్ మధ్యలో పైకప్పు లేదు. చుట్టూ మూడంతస్తుల వరండాలు, పైన నలుచదరంగా ఆకాశం. వాన పడితే కింద అంతా తడే. కానీ మ్యాచింగ్ కొట్లన్నీ ఏరికోరి అక్కడ చేరింది ఆ ఆకాశం కోసమే. ట్యూబ్‌లైటు కింద చీరతో కలిసిపోయిన ముక్క ఎండలోకి తెస్తే వేరే రంగుగా తేలుతుంది. లైటు వెలుగులో రంగుల పాళ్ళు ఒకలా, ఎండలో ఇంకోలా ఉంటాయి. పట్టుకి వేసిన అద్దకం, నూలుకి వేసిన అద్దకం ఒకటి కావు కదా, ఒక వెలుగులో కలిసినవి మరో వెలుగులో విడిపోతాయి. అందుకే మావయ్య ముక్క చింపే ముందు తాను చేతికిచ్చి "వెలుతురులో చూసుకోండమ్మా" అంటారు. నా చిన్నప్పుడు ఆ ఖాళీ జాగాలో ఎప్పుడు చూసినా నలుగురైదుగురు ఆడవాళ్ళు చీర కొంగులు పైకెత్తి పట్టుకుని నిలబడి ఉండేవారు.

జీతాల వారం అయితే మెట్లెక్కడానికి చోటుండేది కాదు. పోర్టు, షిప్‌యార్డు, రిఫైనరీ ఉద్యోగుల కుటుంబాలు, పెళ్ళి సామాన్లకి అనకాపల్లి నుంచీ విజయనగరం నుంచీ వచ్చేవాళ్ళు. మ్యాట్నీ వదిలితే ఇంకో గుంపు. థియేటరు పేరే కూడలికి పేరైపోయిన చోటు అది, సినిమాకొచ్చినవాళ్ళు బజారు చెయ్యకుండా ఇంటికి వెళ్ళేవారా?

తర్వాత ద్వారకానగర్ పెరిగింది, మద్దిలపాలెంలో మాల్ వచ్చింది, ఇటు పక్కనే చిత్రాలయ థియేటరు ఉన్నచోట మాల్ లేచింది. కారు పెట్టుకోవడానికి మా కాంప్లెక్స్‌లో జాగా లేదు. ఆన్‌లైన్ సంగతి సరే సరి. అయినా అన్నీ బయటివాళ్ళ మీదికి తోసెయ్యడం న్యాయం కాదు. పాత అద్దెలు పెరగలేదని ఓనర్లు మరమ్మతు చెయ్యలేదు, మరమ్మతు లేదని జనం పైఅంతస్తులు ఎక్కడం మానేశారు, జనం లేరని అద్దె పెంచడానికి షాపులవాళ్ళు ఒప్పుకోలేదు. ఇరవై ఏళ్ళు అలాగే గడిచిపోయింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ముఖద్వారం అద్దాలు పగిలితే ప్లైవుడ్ కొట్టారు. ఆ ప్లైవుడ్ ఇవాళ్టికీ అలాగే ఉంది.

భవనం కూలగొట్టక తప్పదు, అందులో నాకు రెండో మాట లేదు. మన ఊరి ఉప్పుగాలి స్లాబులోకి దిగి లోపలి ఇనపచువ్వలకి తుప్పు పట్టిస్తుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి చుట్టూ ఉన్న కాంక్రీటుని పగలగొడుతుంది. రెండో అంతస్తు వరండాలో పెచ్చులూడి చువ్వలు బయటపడ్డాయి. ఆ కింద నుంచి పిల్లలు నడుస్తుంటే నాకు గుండె దడదడలాడింది.

నా బాధంతా మెట్ల మలుపులో పీకో మిషను పెట్టుకున్న అత్త గురించి. మాకు చుట్టం కాదు, ఊహ తెలిసినప్పటి నుంచీ అత్త అనే పిలుస్తాను.

"ఏటమ్మా, ఇంత ఎండలో వచ్చీసేవు? చీర ఇలగియ్యి" అంది. దారం ఉండలు మూడు తీసి ఒక్కొక్కటీ అంచు మీద ఆనించి, లేచి వరండా చివరిదాకా వెళ్ళి, ఎండలో చూసి వచ్చింది. మోకాళ్ళ నొప్పితో కూడా ఆ పది అడుగులూ మానలేదు.

షట్టరున్న ప్రతి షాపుకీ కొత్త భవనంలో చోటిస్తామని డెవలపర్ ఒప్పందంలో రాశారు. మావయ్య ఎప్పుడో గుడ్‌విల్ కట్టి తీసుకున్న కొట్టు, ఆయన పేరుంది. అక్కడ చదరపుటడుగు లెక్కన మెయింటెనెన్స్ కడితే జాకెట్టు ముక్కల మీద ఏం మిగులుతుందన్నది వేరే దిగులు. అత్త పేరు ఎక్కడా లేదు. కరెంటు మావయ్య కొట్టు నుంచి, నెలనెలా డబ్బులు ఆయన చేతికే. 2016లో వచ్చిన రెరా, అదే స్థిరాస్తి నియంత్రణ చట్టం, షాపు కొనుక్కునేవాళ్ళకి అండ. మెట్ల మలుపులో కూర్చున్న మనిషికి దానితో ఏం పని?

"ఎక్కడికెళ్తావు అత్తా?"

"పూర్ణా మార్కెట్టు సందులో మా చెల్లి కొడుకు అరుగుంది. సీకటమ్మా అక్కడ. దారం రంగు తెలీదు."

ఆ మాట దగ్గర నాకు నోట మాట రాలేదు. ఫాల్ కుట్టడం అయ్యేదాకా పక్కనే కూర్చున్నాను. డబ్బులు ఎక్కువిస్తే తీసుకోలేదు.

సాయంత్రం మావయ్యతో మళ్ళీ మాట్లాడాను. తన వాటా షాపు ముందు అత్త మిషనుకి నాలుగడుగుల జాగా రాసిమ్మని డెవలపర్‌ని అడగడానికి ఆయనకి అభ్యంతరం లేదు, కాకపోతే "అర్జీ రాయడం నాకు చాతకాదే" అన్నారు. ఇంటికొచ్చి రాశాను, మూడుసార్లు చింపి. మొదటి కోరిక అత్త జాగా. రెండోది, కొత్త ప్లానులో మధ్యభాగానికి పైన కనీసం అద్దమైనా వేసి పగటి వెలుతురు కిందిదాకా దిగేలా చూడమని. రెండోది రాస్తుంటే ఈయన "అది వాళ్ళు వింటారా?" అన్నారు. కొట్టెయ్యకుండా ఉంచాను.

రేపు పొద్దున్న మావయ్య కొట్టు తెరవకముందే వెళ్ళి సంతకం పెట్టించాలి. వరండాలో మిగిలిన షాపులవాళ్ళని కూడా అడగాలి, పదకొండు మంది ఉన్నారు.