ఎండాకాలం సెలవులు ఎటు పోతయ్ అంటే

ఏప్రిల్ 23 లాస్ట్ వర్కింగ్ డే అయిపోంగనే మా గల్లీల ఎదురైన ప్రతి ఒక్కరు అనే మాట ఒకటే, "ఇగ మీకేంది టీచరమ్మ, జూన్ 12 దాక ఫుల్ రెస్టు, జీతం మాత్రం నడుస్తనే ఉంటది" అని. కొత్తల మస్తు కోపమొస్తుండె, ఇప్పుడు నవ్వి ఊకుంట. ఎందుకంటే మార్చి 15 నుంచి ఒంటిపూట బడులు పెడితె పొద్దున ఎనిమిదింటికల్ల బడిల ఉండాలె, అంటే ఐదింటికి లేసి వంట చేసి బస్సు పట్టాలె, మధ్యాహ్నం భోజనాలు పెట్టిచ్చి నెత్తిమీద ఎండతోని ఇల్లు చేరాలె, ఇదంతా చూసినోళ్లు ఎవరూ అప్పుడు "అయ్యో" అనరు, సెలవులప్పుడు మాత్రం లెక్కలు చెప్తరు. సరే ఈసారి లెక్క నేనే చెప్తా.

నేను సర్కారు ప్రైమరీ స్కూల్ల ఎస్జీటీని, అంటే సెకండరీ గ్రేడ్ టీచర్ను. ఉండేది మహబూబ్‌నగర్ క్రిస్టియన్‌పల్లిల, బడి దేవరకద్ర దిక్కు. పోయే చర్చి ఎం.బి. చర్చి, అంటే మెన్నొనైట్ బ్రదరెన్. మొన్న మా ఆడబిడ్డ కొడుకు ఇంటికొచ్చిండు, బీటెక్ చదువుతుండు, వానికి ఏం పనిలేక ఫోన్ల మెన్నొనైట్ అని కొట్టి చూసి పడి పడి నవ్వుడు. "అత్తా, నీ గుర్రబ్బండి యాడ పార్క్ చేసినవ్, నెత్తికి ఆ తెల్ల టోపీ ఏది" అని. ఆ ఫొటోలల్ల ఉండేటోళ్లు అమెరికా కెనడాలల్ల ఓల్డ్ ఆర్డర్ మెన్నొనైట్లు, అమిష్‌లు, కార్లు వద్దనుకుని గుర్రబ్బండ్లల్ల తిరిగేటోళ్లు. మాది స్కూటీ, అది గూడ సెల్ఫ్ పనిచేయదు, కిక్ కొట్టాలె.

వానికి కూసోబెట్టి చెప్పిన. హాలండ్ దేశంల మెన్నో సైమన్స్ అని ఒక క్యాథలిక్ ఫాదర్ ఉండె, 1536ల అది విడిచిపెట్టి బయటికొచ్చిండు, ఆయన పేరు మీదనే మెన్నొనైట్లు. చిన్నపిల్లలకు బాప్తిస్మం ఇయ్యొద్దు, బుద్ధి తెలిసినంక వాళ్లే అడిగి తీసుకోవాలె, కత్తి పట్టొద్దు, ఈ రెండు మాటల కోసమే వాళ్లను వెంటబడి చంపిండ్రు. అక్కన్నుంచి పారిపోయి పోయి కొందరు రష్యాల తేలిండ్రు, ఇప్పుడు ఉక్రెయిన్ అంటరు గదా ఆ దిక్కు. అక్కన్నుంచే 1889ల అబ్రహాం ఫ్రీసెన్ అనే మిషనరీ దొర, ఆయన భార్య మరియ ఇండియాకొచ్చిండ్రు, నల్లగొండల అమెరికన్ బాప్టిస్టు మిషన్‌తోని కలిసి పనిచేసిండ్రు. తర్వాత పదేండ్లకు 1899ల అమెరికా నుంచి హీబర్ట్ దొర. అట్ల నాగర్‌కర్నూల్, దేవరకొండ, వనపర్తి, కల్వకుర్తి, శంషాబాద్ ఇట్ల ఊరూరికి మిషన్ స్టేషన్లు లేసినయ్. మా మహబూబ్‌నగర్ మాత్రం 1937 దాక అమెరికన్ బాప్టిస్టుల చేతిల ఉండె, ఆ ఏడు ఎం.బి. వాళ్లకు అప్పజెప్పిండ్రు, అందుకే మా నాయినమ్మ బాప్టిస్టుగ పుట్టి ఇల్లు కదలకుండనే మెన్నొనైట్ అయింది. నల్లగొండదేమో ఉల్టా, మెన్నొనైట్ దొర పనిచేసిన ఊర్ల ఇప్పుడు ఎక్కువ కనవడేవి బాప్టిస్టు చర్చీలు. దేవుడు నవ్వుకుంటుండొచ్చు.

ఇంకోటి గూడ చెప్పాలె. ఎండలు ముదరంగనే దొరలు, దొరసానులు ఊటీ కొడైకెనాల్ లాంటి కొండల మీదికి పోయేటోళ్లు. వాళ్లను తప్పు పట్టుడు లేదు, పిల్లలు ఈ ఎండకు ఆగకపోదురు, వాళ్ల పిల్లల చదువులు గూడ ఆ కొండల మీదనే. గని అప్పుడు ఇక్కడ ఉన్నదెవరు? పల్లెలల్ల పంతుళ్లు, ఇల్లిల్లు తిరిగి బైబిల్ చెప్పే బైబిల్ స్త్రీలు. మా తాత పగలు బడి పంతులు, పొద్దుగూకితె ప్రార్థన చెప్పేటోడు, ఒక్క మనిషికి రెండు కొలువులు, సెలవు అనే మాటే లేదు. ఏ చరిత్ర రాసినా దొర పేరు పెద్దగ ఉంటది, పంతులు పేరు ఫొటో కింద గూడ ఉండదు. నాకు ఇది ఎప్పటికి మనసుకు పట్టది, ఇక్కడ రాస్తే కొంచెం నిమ్మలం.

ఇగ సెలవులు. మొదటి వారం అంతా మామిడికాయ తొక్కు పనే. మా అత్తమ్మకు డెబ్భై దాటినయ్ గని తొక్కు కాడ ఆమెనే హెడ్మాస్టర్. కాయ పుల్లగ గట్టిగ ఉండాలె, టెంక ముదరాలె, కొల్లాపూర్ బేనిషాన్లు పండ్లకు సరే తొక్కుకు నాటుకాయనే కావాలె అని మార్కెట్ల ప్రతి కుప్ప కాడ ఒక ముక్క కొరికి చూస్తది, అమ్మేటామె తిట్టుకుంటది, నేను పక్కకు మొకం తిప్పుకుంట. అక్కడే కాయ కొట్టిచ్చుకుని వచ్చి, లోపటి జీడి తీసి, టెంకకున్న సన్న పొర ఊడదీసి, ఒక్కొక్క ముక్క తెల్లబట్టతోని తుడ్వాలె. నీళ్ల చుక్క తగిలితె బూజు పడ్తది అని అత్తమ్మ మమ్మల్ని వంటింట్ల చెయ్యి గూడ కడుక్కోనియ్యది ఆ రోజు. కోస్తా వాళ్ల ఆవకాయలెక్క కాదు మాది, అల్లం ఎల్లిగడ్డ ముద్ద దండిగ పడాలె, మెంతిపిండి, జిలకర, పల్లినూనె కాగబెట్టి సల్లార్చి పోయాలె. వేడి మీద పోస్తే ముక్క మెత్తబడ్తది. మూడో రోజు తిరగగలిపినప్పుడు ఉప్పు చూడాలె, ఆ ఉప్పు చూసే హక్కు నాకింకా రాలేదు, ఇన్నేండ్లాయె పెండ్లయి. ఒక చిన్న జాడి పాస్టరయ్య ఇంటికి, ఒకటి మా బడిల వంట చేసే ఆమెకు, ఇది రూల్.

మే నెల వి.బి.ఎస్., అంటే వెకేషన్ బైబిల్ స్కూల్ నెల. తెలియనోళ్లకు చెప్తున్న, ఎండాకాలం చర్చిల పిల్లలకు పెట్టే క్లాసులు, పొద్దున పూట, పాటలు, కథ, కంఠత వాక్యం, రంగు కాయితాలతోని బొమ్మలు, చివరికి బిస్కెట్లు. చర్చి పిల్లలే కాదు గల్లీల పిల్లలందరు వస్తరు, ఇంట్ల అమ్మలకు గూడ రెండు మూడు గంటలు నిమ్మలం. నేను టీచర్ను గాబట్టి ప్రతి ఏడు కథ నాకే తగిలిస్తరు. ఈ మధ్య పెద్ద పెద్ద స్పీకర్లు పెట్టి యాక్షన్ సాంగులు ఎక్కువైనయ్, పిల్లలకు ఇష్టమే, నాకు మాత్రం అంతగనం నచ్చది, గంట సేపు ఎగిరినంక వాళ్లకు కథ ఎక్కుతదా? చెప్తే యూత్ పిల్లలు "అక్కా మీరు ఓల్డ్ అయిపోయిండ్రు" అంటరు. అనుకోనీ.

ఈసారి నేను పెద్దపిల్లల క్లాసుకు డిర్క్ విల్లెమ్స్ కథ చెప్పిన. మెన్నొనైట్లల్ల ఇది అందరికి తెల్వాల్సిన కథ, గని మా దిక్కు చానమందికి తెల్వది. హాలండ్‌ల ఆస్పెరెన్ అని ఒక ఊరు, అక్కడ ఈయన్ను జైల్ల వేసిండ్రు, పెద్దయినంక మళ్ల బాప్తిస్మం తీసుకున్నడని, ఇంట్ల వేరేవాళ్లకు గూడ ఇప్పిచ్చిండని. బట్టలు ముడేసి తాడు చేసుకుని కిటికీల నుంచి దిగి పారిపోయిండు. ఎనక ఒక భటుడు ఉరుకుతుండు. మధ్యల నీళ్లు, చలికి పైన గడ్డ కట్టింది. డిర్క్ జైలు తిండికి బక్కగయిండు గాబట్టి గడ్డ ఆగింది, దాటిండు. భటునికి మాత్రం గడ్డ పగిలి నీళ్లల్ల పడ్డడు...

ఇక్కడ దాక చెప్పిన్నో లేదో ఒక పిల్లగాడు చెయ్యి లేపిండు. "టీచర్, చెరువు గడ్డ కట్టుడేంది?"

బయట ఎండ 42, ఫ్యాన్ వేడిగాలి కొడుతుంది, నేను వీళ్లకు మంచు చెరువు ఎట్ల చూపెట్టాలె. ఫ్రిజ్‌ల ఐస్ ట్రే ఉంటది గదా అన్న. "చెరువంత ట్రేనా టీచర్?" అన్నడు ఇంకోడు. అందరు నవ్వుడు. ఆఖరికి ఒక పిల్ల చెప్పింది, కాల్వ మీద నాచు కట్టినట్ల పైన పైన కడ్తదేమో, నడుస్తె లోపటికి పోతం అని. ఆ పిల్ల చెప్పిందే అందరికి సమజైంది, నేను టీచర్నయ్యి గూడ ఆ పోలిక నాకు రాలే.

డిర్క్ మళ్ల తిరిగొచ్చి ఆ భటున్ని నీళ్లల్లకెళ్లి పైకి గుంజి బతికిచ్చిండు అని చెప్పిన. క్లాసంతా సైలెంట్. తర్వాత ఎనకనుంచి ఒకడు, "అయితె దొరికిండు గదా. పిచ్చోడా టీచర్ ఆయన?" అన్నడు. నిజమే దొరికిండు. బతికినోడు ఈయన్ను వదిలేద్దామనే అనుకున్నడు, ఒడ్డు మీదున్న ఊరి పెద్ద మాత్రం పట్టుకో అని కేక వేసిండు. 1569 మే 16న కాల్చి చంపిండ్రు. ఆ చివరి మాట చెప్పాలెనా వద్దా అని ఇంటి కాడ మస్తు ఆలోచించిన, పిల్లలు గదా అని. చెప్పిన. అబద్ధం అతికించి "అందరు సుఖంగ ఉన్నరు" అంటే రేపు పెద్దయి చదువుకుంటే నన్ను తిడ్తరు. గని ఎట్ల చంపిండ్రు, ఎంతసేపు బాధపడ్డడు అది చెప్పలే, అది పెద్దోళ్లు చదువుకోవాల్సిన ముచ్చట.

పిచ్చోడా అనేదానికి నేను జవాబు చెప్పలే, మీరే ఇంటికి పోయి మీ అమ్మలను అడగుండ్రి అన్న. మరునాడు జవాబులు రావలె గదా, అంతకంటె ముందే పంచాయితీ వచ్చింది. బిస్కెట్ల కాడ ఇద్దరు పోరగాండ్లు బ్యాటు కోసం గల్లలు పట్టుకున్నరు, ఒకనికి ముక్కుల రక్తం. నేను ఉరికి ఇడిపిచ్చి, నిన్ననే గదరా కథ విన్నరు, శత్రువును గూడ ప్రేమించాలె అనుకున్నం గదా అన్న. ముక్కు తుడ్సుకుంటనే వాడు "వాడు శత్రువు కాదు టీచర్, మా పెద్దమ్మ కొడుకు" అన్నడు. నా దగ్గర దానికి వాక్యం లేదు.

బాప్తిస్మం క్లాసులు గూడ ఈ సెలవుల్లనే, టెన్త్, ఇంటర్ రాసి ఖాళీగ ఉన్న పిల్లలకు. మా దాంట్ల ముంచి ఇచ్చేది గాబట్టి నీళ్లు కావాలె, టౌన్‌ల ఇబ్బంది లేదు గని పల్లె చర్చీలకు మే నెల అంటే చెరువులు ఎండుతయ్, బోరు నీళ్లు ట్యాంకుల నింపుకుని చేసుకుంటరు. ఇగ పెండ్లిళ్లు, వాటి గురించి రాస్తే ఒడవది. బగార, మటన్, ఫొటో సెషన్ లేటు, పాస్టరయ్య ప్రసంగం ఇంకా లేటు, ఎండకు పట్టుచీర. మందు ఉండొద్దని చర్చి కట్టడి, అది షామియానా లోపట వరకే అమలైతది, అంతకంటె ఎక్కువ నేను రాయ. ఒకరోజు మాత్రం పిల్లలను తీసుకుని పిల్లలమర్రి పోయినం, మా ఊరి దగ్గరి పాత పెద్ద మర్రిచెట్టు అది, పిల్లలు ఊడలు లెక్కపెట్టి కొట్లాడుకున్నరు. 2018ల చెదలు పట్టి ఆ చెట్టుకు సెలైన్ బాటిళ్లతోని మందు ఎక్కిచ్చిండ్రు, అప్పుడు పేపర్లల్ల చూసే ఉంటరు. ఇప్పుడు మంచిగున్నది.

జూన్ అనంగనే బడిబాట. అసలు బడి తెరిచేదానికంటె ముందే, పిల్లలను సర్కారు బడిల చేర్పియ్యుండ్రని ఊర్ల ఇల్లిల్లు తిరగాలె. పాంప్లెట్లు, బ్యానర్ పట్టుకుని ఫొటో, అదంతా పైవాళ్ల కోసం, నాకు మాత్రం గడప కాడ కూసుని మాట్లాడే ఆ పది నిమిషాలు ఇష్టం. మా పాలమూరు సంగతి మీకు తెలిసిందే, బొంబాయి, పూణె, హైదరాబాద్, యాడ బిల్డింగ్ లేస్తే ఆడ మావోళ్లు ఉంటరు. గుంపు మేస్త్రీ కాడ అడ్వాన్సు తీసుకుంటే లెక్క తెగేదాక కదలనీయరు. పిల్లలు కొందరు తాత అవ్వల కాడ ఉండి చదువుకుంటరు, సెలవులు రాంగనే అమ్మానాయినల కాడికి పోతరు, అట్ల పోయినోళ్లు మళ్ల వస్తరా రారా అనేదే నా భయం. బస్సుల కూసునేటప్పుడు మస్తు ఖుషీగ పోతరు పాపం, అమ్మ కాడికి గదా.

ఈసారి మూడో క్లాసు అయిపోయిన ఒక పిల్లగాడు రాలే. ఎక్కాలు పదహారు దాక గుక్క తిప్పకుండ చెప్తడు, అన్నంల గుడ్డు ఉన్న రోజు మాత్రం చెల్లెకోసం సగం జేబుల పెట్టుకుంటడు, అంగి అంతా పచ్చసొన. వాళ్ల అవ్వ ఇంటికి పోతే "పూణెల ఉన్నరమ్మా, చెల్లెను పట్టుకుంటడని వాళ్లమ్మ ఉంచుకుంది, నేనేం చెప్పాలె" అన్నది. చల్ల ఇచ్చింది తాగమని. నంబర్ తీసుకుని ఆడనే కూసుని ఫోన్ చేసిన. వాళ్లమ్మ "అట్లనే మేడం, స్లాబ్ పని ఒడిసినంక పంపుతం" అన్నది. వెనకనుంచి మిక్సర్ సప్పుడు. ఒకసారి పిల్లగానికి ఇయ్యమ్మా అంటే ఇచ్చింది, వాడు నమస్తే గూడ అనకుండ "మేడం, నా ప్లేసుల ఎవర్ని కూసోబెట్టిండ్రు?" అన్నడు.

ఎవర్ని కూసోబెట్టలే అన్న. హెచ్‌ఎం సార్‌తోని మాట్లాడి పేరు తీయనియ్యలే, ఒక సెట్టు బుక్స్, రెండు జతల యూనిఫాం బీరువాల పక్కకు పెట్టిచ్చిన. అంగి మాత్రం కొంచెం పెద్ద సైజు తీసుకున్న, పోయినేడుది అప్పటికే పొట్టిగైంది. పూణె పని వానలు పడేదాక ఒడవదంటుండ్రు, ఈ ఆదివారం చర్చి అయినంక మళ్లొకసారి ఫోన్ కొట్టాలె.