‘దు’ దగ్గర ఆగిన పద్యం

రాచకొండ అనే పేరు నేను మొదట విన్నది పోలీసుల వల్ల. 2016లో హైదరాబాదు శివారు ప్రాంతాలకు ఏర్పడిన కమిషనరేటుకు ఆ పేరు పెట్టినప్పటి నుంచి, మా మేనమామ బండికి చలాన్ వచ్చినప్పుడల్లా ఇంట్లో ఆ మాట వినిపించేది. ఆ పేరుతో నిజంగా ఒక కొండ ఉందని, దాని మీద శిథిలమైన కోట ఉందని, మా పదో తరగతి తెలుగు వాచకంలో మొదటి పాఠమైన ‘దానశీలం’ రాసిన పోతనకూ ఆ కోటకూ ముడిపెట్టి ఒక కథ చెప్పుకుంటారని మా తెలుగు టీచరు చెప్పేదాకా నాకు తెలియదు. ఆ కథ విన్న రోజు నుంచి అక్కడికి వెళ్లాలని ఇంట్లో పోరుతూనే ఉన్నాను. ఎందుకు వెళ్లాలో మాత్రం ఎవరికీ సరిగ్గా చెప్పలేదు.

కార్తీక మాసంలో ఒక ఆదివారం మామ బండి మీద నల్లగొండ నుంచి పొద్దున్నే బయలుదేరాం. మునుగోడు దాటి సంస్థాన్ నారాయణపురం చేరేదాకా దారికి రెండు వైపులా బత్తాయి తోటలు, ఎర్రచెలకల్లో విచ్చుకున్న పత్తి, నడుమ నడుమ తాటిచెట్లు కనిపించాయి. మామ కరెంటు లైన్‌మన్. ఆయనకు తోటలూ పట్టవు, చెట్లూ పట్టవు. దారిలో కనబడిన ప్రతి ట్రాన్స్‌ఫార్మరునూ చుట్టాన్ని పలకరించినట్టు పలకరిస్తూ, ఏ తీగ ఎక్కడ వేలాడుతున్నదో నాకు చూపిస్తూ నడిపాడు. నారాయణపురంలో నీళ్ల సీసా కోసం నా సంచి తెరిచినప్పుడు చిన్న అరలో నుంచి గోలీల స్ట్రిప్పు ఒకటి జారి కింద పడింది. “జరమొచ్చిందా బిడ్డా?” అని మామ అడిగితే, లేదని తల ఊపి, దాన్ని మళ్లీ అదే అరలో పెట్టేశాను.

ఆ స్ట్రిప్పు సంగతి చెప్పకుండా ఈ ప్రయాణం సంగతి చెప్పలేను. ఆగస్టు 29న, గిడుగు రామమూర్తి గారి జయంతి నాడు, మా బడిలో తెలుగు భాషా దినోత్సవం జరిపారు. బలి చక్రవర్తి శుక్రాచార్యుడితో చెప్పే ‘నిరయంబైన నిబంధమైన ధరణీనిర్మూలనంబైన’ అనే మత్తేభ పద్యాన్ని వేదిక మీద చదివే పని నాకు అప్పగించారు. వామనుడికి మూడడుగుల నేల ఇస్తానని బలి మాట ఇచ్చాడు. వచ్చినవాడు విష్ణువని, ఇస్తే సర్వం పోతుందని గురువు హెచ్చరించాడు. దానికి బలి ఇచ్చే జవాబుల్లో ఇది ఒకటి. పదిహేను రోజులు పొద్దున, మాపు అదే పద్యం వల్లె వేశాను. బర్రెకు గడ్డి వేస్తూ చదివాను, అంట్లు తోముతూ చదివాను. ఆ రోజు మైకు ముందు నిలబడి మొదటి పాదం చక్కగానే ఎత్తుకున్నాను. ఆ పాదం ‘దు’ అనే అక్షరం దగ్గర ముగుస్తుంది. ‘దుర్మరణం’ అనే మాట రెండు ముక్కలై, ‘ర్మరణంబైన’ అంటూ రెండో పాదం మొదలవుతుంది. పాదం అయిపోయింది కదా అని నేను అక్కడ ఊపిరి తీసుకున్నాను. ఊపిరి లోపలికి వెళ్లింది, మాట మాత్రం బయటికి రాలేదు. ఎదురుగా ఆరు వందల కళ్లు ఉన్నట్టు అనిపించింది. వెనుక వరుసలో ఎవరో “దు” అని అందించారు, మరెవరో నవ్వారు. నమస్కారం కూడా పెట్టకుండా దిగి వచ్చేశాను.

మరిచిపోవడం వల్ల నాకు పెద్ద నష్టమేమీ కలగలేదు; తరువాత జరిగినదే నన్ను పట్టుకున్నది. టీచరు పరుగున వచ్చి ఏమైందని అడిగారు. గొంతు నొప్పి, రాత్రి నుంచి జ్వరం అని చెప్పాను. ఆమె నా నుదుటి మీద చేయి పెట్టి చూసి, నమ్మి, అటెండరును మందుల దుకాణానికి పంపి, తన డబ్బుతో గోలీలు తెప్పించి నా చేతిలో పెట్టారు. అంతటితో ఆగకుండా, డిసెంబరులో జరిగే మండల స్థాయి పోటీకి నా పేరే రాసి, “అప్పటివరకు గొంతు నిమ్మలమైతది” అన్నారు. రెండు నెలల పైబడి ఆమె కనిపించినప్పుడల్లా నేను స్తంభం చాటుకు జరుగుతూ వచ్చాను.

నా అబద్ధానికి ఆ పాఠం సందర్భంలోనే నేనొక ఆధారం కూడా వెతుక్కున్నాను. బలికి శుక్రాచార్యుడు చెప్పే మాటల్లో, ఏయే సమయాల్లో బొంకవచ్చునో ఒక జాబితా ఉంది: ఆడవారి విషయంలో, పెళ్లి పనుల్లో, ప్రాణానికి, ధనానికి, మానానికి భంగం కలిగినప్పుడు, భయపడిన గోవులనూ విప్రులనూ కాపాడేటప్పుడు. వీటిలో ‘మానభంగం’ దగ్గర నేను వేలు పెట్టి ఆగాను. ఆరు వందల కళ్ల ముందు పోయినది మానమే కదా, కాబట్టి నా బొంకు చెల్లుతుందని నాకు నేనే తీర్పు ఇచ్చుకున్నాను. శుక్రాచార్యుణ్ణి చెడ్డవాడిగా చూసేవారితో నేను ఇప్పటికీ ఏకీభవించను. శిష్యుడు చెడిపోకూడదని తపించే గురువు ఆయన, పైగా చెప్పినదంతా లోకం తీరుకు సరిపోయే మాట. ఆయన నోట పోతన అంత మంచి పద్యం పలికించడం చూస్తే, కవి కూడా ఆ వాదాన్ని తేలికగా తీసుకోలేదనిపిస్తుంది.

నారాయణపురం దాటిన తరువాత గుట్టలు దగ్గరపడ్డాయి. కాకతీయ రాజ్యం 1323లో కూలిన తరువాత ఈ సీమను ఏలిన రేచర్ల పద్మనాయకులకు రాచకొండ, దేవరకొండ రెండూ రాజధానులు. కోటలోకి అడుగుపెట్టగానే మొదట కట్టిపడేసేవి గోడలు. సున్నం, గచ్చు ఏమీ లేకుండా చెక్కిన పెద్ద పెద్ద బండలను ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టారు. దర్వాజాల మీద అడ్డంగా పరిచిన ఒక్కొక్క రాతి దూలాన్ని చూసి మామ చాలాసేపు లెక్కలు వేసి, “క్రేన్ లేకుండ ఎట్ల లేపిన్రో” అని తల పట్టుకున్నాడు. గోడల సందుల్లో రావి మొలకలు, దారి పొడవునా సీతాఫలం పొదలు. లోపల మనుషుల అలికిడి లేదు.

ఈ కొండను ఏలిన సింగభూపాలుడికి ‘సర్వజ్ఞ’ అనే బిరుదు ఉండేది. ‘రసార్ణవసుధాకరం’ అనే సంస్కృత లక్షణ గ్రంథం ఆయన పేరున ప్రసిద్ధం. నాయకులు ఎన్ని రకాలు, రసాలు ఎట్లా పుడతాయి, నాటకం ఎట్లా ఉండాలి అనే విషయాలను మూడు విలాసాలలో, అంటే అధ్యాయాలలో, అందులో వివరించారట. వీరరసం యుద్ధంలోనే కాదు, దానంలోనూ దయలోనూ ఉంటుందని మన లాక్షణికులు చెప్పారని, బలి దానవీరుడని టీచరు పాఠంలో చెప్పినప్పుడు మాకు ఆశ్చర్యం కలిగింది; అంతదాకా వీరుడంటే కత్తి ఉన్నవాడే అనుకున్నాం. ఇక జనం చెప్పుకునే కథ ఇది: భాగవతాన్ని తనకు అంకితం ఇమ్మని సింగభూపాలుడు అడిగాడు, పోతన ఇవ్వలేదు, కోపంతో రాజు ఆ గ్రంథాన్ని నేలలో పాతిపెట్టించాడు, చెదలు తిన్న భాగాలను తరువాత వేరేవారు పూరించారు. పోతన భాగవతంలో అయిదో స్కంధం గంగన, ఆరో స్కంధం సింగన, పదకొండు, పన్నెండు స్కంధాలు నారయ రాసినవన్నది నిజం. ఆ ఖాళీలకు కారణం చెప్పడానికే జనం చెదపురుగును, రాజునూ కలిపి కథ అల్లారేమో. సింగభూపాలుడనే పేరుతో ఇక్కడ ఒకరి కంటే ఎక్కువమంది ఏలారు కాబట్టి, కాలం లెక్కలు వేసేవారికి ఈ కథ అంత సులువుగా లొంగదు. ఇదే రాజసభకు శ్రీనాథుడు వచ్చి, ‘సర్వజ్ఞ’ అనే పేరు శివుడికీ ఈ రాజుకీ మాత్రమే చెల్లుతుందని పద్యం చెప్పి మెప్పించి, ‘నందికంత పోతరాజు కటారి’ అనే బాకును తీసుకుపోయాడని మరో కథ ఉంది. ఒకే గుమ్మం దగ్గర ఒక కవి పొగడి గెలిచాడు, ఇంకొక కవి కాదని పుస్తకం పోగొట్టుకున్నాడు. రెండు కథల్నీ ఇన్ని వందల ఏండ్లు జనం మోసుకొచ్చారు. అయినా మా ఊళ్లో చదువు రాని ముసలివాళ్లకు కూడా నోటికి వచ్చేవి రెండోవాడి పద్యాలే.

పైకి వెళ్లే దారిలో ఒకచోట మెట్లు విరిగిపోయి, ఏటవాలు బండ ఒకటి అడ్డం వచ్చింది. పక్కన లోయలాగా దిగుడు. మామ చెప్పులు చేతపట్టుకుని పాకినట్టుగా దాటిపోయాడు. నేను ఒక పాదం బండ మీద మోపాను, రెండో పాదం నేల విడవలేదు. ఆగస్టులో మైకు ముందు నిలిచినప్పటి ఊపిరే మళ్లీ లోపల ఆగింది. కాలు బెణికిందని చెప్పడానికి నోరు తెరిచాను కూడా. సంచిలో ఆ స్ట్రిప్పు గుర్తుకు వచ్చిందో, గుట్ట మీద నవ్వేవారు ఎవరూ లేరన్న ధీమానో తెలియదు కానీ, “నాకు భయమైతుంది మామా, నేను రాను” అన్నాను.

నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. “భయమైతే ఆడనే కూసో బిడ్డా. మా పనిల గూడ అంతే. ఎల్సీ తీసుకోకుండ స్తంభం ఎక్కేటోన్ని చూస్తే మాకే భయం” అని తన దారిన పైకి వెళ్లిపోయాడు. ఎల్సీ అంటే లైన్ క్లియర్. సబ్‌స్టేషన్ వాళ్లు కరెంటు ఆపామని ఖాయం చేస్తే తప్ప లైన్‌మన్ తీగ ముట్టడు.

గోడ నీడలో కూర్చుని పద్యం మళ్లీ ఎత్తుకున్నాను. ఈసారి రాగం మీద కాక మాటల మీద మనసు నిలిచింది. నరకమైనా, కట్టుబడిపోవడమైనా, రాజ్యం పోవడమైనా, దుర్మరణమైనా, వంశం అంతమైనా, రానిమ్ము, కానిమ్ము పో అంటాడు బలి. ఆ ‘పో’ మా నాయనమ్మ “అయితే అయితది పో” అన్నప్పటి ‘పో’ లాగానే ఉంది. ఏ భయమూ లేనివాడికి ఇంత పెద్ద జాబితా ఎందుకు? తన మీదికి రాగలిగినవాటినన్నిటినీ పేరుపేరునా లెక్కపెట్టుకున్న తరువాతే అతడు ‘తిరుగన్ నేరదు నాదు జిహ్వ’ అన్నాడు. అంతకు ముందు గురువు చెప్పినది తప్పని కూడా అనడు. ‘నిజమానతిచ్చితి’ అని ఒప్పుకునే మొదలుపెడతాడు. వేదిక మీద నాకు నాలుక తిరగలేదు; వేదిక దిగిన తరువాత అదే నాలుక అరక్షణంలో తిరిగింది. తిరగవలసిన చోట తిరగక, తిరగకూడని చోట తిరిగిందన్న మాట. నాలుగు పాదాలూ ఆగకుండా చదివాను. ‘దు’ దగ్గర ఊపిరి తీసుకోకుండా ‘దుర్మరణంబైన’ అని కలిపి చదివితే ఏ ఇబ్బందీ లేదు. ఇంత చిన్న కిటుకు పదిహేను రోజుల్లో ఎందుకు దొరకలేదో!

మామ దిగి వచ్చి, పైనుంచి చెరువులు కనబడ్డాయని, ఫోన్‌లో ఫొటోలు చూపించాడు. నేను చూడని శిఖరాన్ని ఫొటోలో చూశాను. దారిలో సీతాఫలాలు కొన్నాం. ఇంటికి చేరేసరికి సగం మెత్తబడ్డాయి.

సోమవారం ప్రార్థన ముగిసిన తరువాత స్టాఫ్ రూమ్ ముందు చాలాసేపు నిలబడ్డాను. టీచరే చూసి లోపలికి పిలిచి, “గొంతు నిమ్మలమైందా? పోటీ దగ్గరికొస్తున్నది” అన్నారు.

“గొంతు మంచిగనే ఉంది టీచర్. ఆ రోజు గూడ మంచిగనే ఉండె.”

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. దిద్దుతున్న పుస్తకం పక్కన పెట్టి, “మరి ఆ గోలీలు?” అని అడిగారు.

సంచి చిన్న అరలో నుంచి స్ట్రిప్పు తీసి బల్ల మీద పెట్టాను. పదికి పదీ అందులోనే ఉన్నాయి.