ఎదురు పురి

మా నాన్న ముప్పై ఏళ్లు ఒక జూట్ మిల్లులో ఫిట్టరుగా పనిచేశారు. ఆ మగ్గాల హోరు ఆయన చెవులను తినేసింది. కుడిచెవి దాదాపు పోయింది, ఎడమచెవికి మిషను పెట్టుకుంటారు. నలుగురు కలిసి మాట్లాడుకునే చోట ఏ మాటా విడిగా వినపడదు. అందుకే మూడు నాలుగేళ్లుగా ఆయన మాట్లాడటమే తగ్గించేశారు. మొన్న ఆదివారం ఆర్కే బీచ్‌లో ఉన్న విమానం మ్యూజియానికి పిల్లలను తీసుకెళ్తున్నాం, మీరూ రండి నాన్నా అంటే, "మీరు వెళ్లి రండమ్మా" అన్నారు. మా అమ్మాయి చెప్పులు తెచ్చి కాళ్ల ముందు పెట్టింది. ఇక కాదనలేక బయలుదేరారు.

బీచ్ రోడ్డు మీద ఎన్నిసార్లు తిరిగినా, దాని కింద నిలబడేదాకా అది ఎంత పెద్దదో నాకు తెలియలేదు. పొడవు 53 మీటర్లు. రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకు 50 మీటర్లు. సోవియట్ యూనియన్‌లో తయారైన టీయూ-142, సముద్రంలో జలాంతర్గాములను వెతికే విమానం. ఈ రకం విమానాలు 1988లో మన నౌకాదళంలోకి వచ్చాయి, 2017 మార్చిలో అరక్కోణంలోని నౌకాదళ స్థావరం ఐఎన్ఎస్ రాజాలిలో వీడ్కోలు తీసుకున్నాయి. 29 ఏళ్లలో అన్నీ కలిసి 30 వేల గంటలు ఎగిరాయి, ఒక్క ప్రమాదం కూడా లేకుండా. వాటిలో ఒకదాన్ని విశాఖకు తెచ్చి, విడదీసి, ఇక్కడికి చేర్చి మళ్లీ బిగించారు. అదే ఏడాది డిసెంబరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. ఈ విడదీసి బిగించిన సంగతి నాన్న చెవి దగ్గర చెప్పాను. ఆయన తల ఎత్తి అతుకుల వెంట చాలాసేపు చూశారు.

మ్యూజియం ప్రదర్శనలో నన్ను ఆపినవి సోనోబోయ్‌లు. పొడవాటి గొట్టాలు. వీటిని విమానం నుంచి సముద్రంలోకి వదులుతారు. నీళ్లను తాకగానే పై భాగం తేలుతుంది, కింద నుంచి తీగకు కట్టిన మైకు లోతుకు దిగుతుంది. జలాంతర్గామి చప్పుడు వినపడితే తేలే భాగం రేడియోలో పైకి చెబుతుంది. అంటే ఇంత పెద్ద విమానం చేసే అసలు పని వినడం. నాన్న చెవి మిషనును సవరించుకుంటూ ఆ గొట్టం ముందు నిలబడి ఉంటే నా గొంతు పట్టేసినట్లయింది.

విమానం లోపలికి ఎక్కి చూశాం. ఇరుకైన దారి, ఎటు చూసినా మీటలు. మా అబ్బాయి కిందికి దిగనని మొండికేశాడు. వాడిని మావారికి వదిలేసి నేను బయటికి వచ్చేసరికి నాన్న, అమ్మాయి రెక్క కింద ఉన్నారు. నాన్న మాట్లాడుతున్నారు.

ఈ విమానానికి నాలుగు ఇంజన్లు. ఒక్కో ఇంజనుకు ఒకదాని వెనక ఒకటిగా రెండు పంకాలు, పంకాకు నాలుగు రెక్కలు. వెనకది ఎందుకని అమ్మాయి అడిగిందట.

"రెక్కల వాలు చూడు తల్లీ. ముందుది ఒక వైపుకు ఉంది, వెనకది దానికి ఎదురుగా ఉంది. ముందు పంకా గాలిని మెలితిప్పి వదులుతుంది. ఆ మెలికలో కొంత బలం వృథా అయిపోతుంది. వెనకది ఎదురు తిరిగి ఆ మెలికను సరిచేసి, ఆ బలాన్ని కూడా తోపుగా మారుస్తుంది. మేము తాడు పేనేటప్పుడు పోగుకు ఒక వైపు పురి ఎక్కిస్తాం, పోగులను కలిపేటప్పుడు ఎదురు పురి ఇస్తాం. అందుకే తాడు విడిపోదు. రెంటికీ పని వేరు గానీ, లెక్క ఒకటే."

అరచేతులు రెండూ ఒకదాని వెనక ఒకటి పెట్టి, ఒకటి ఇటు, ఒకటి అటు తిప్పి చూపించారు. పక్కన ఎవరో దంపతులు కూడా ఆగి విన్నారు. ఆయన ఆపలేదు. అంత నిడివి మాట ఆయన నోట విని నాకు ఎన్నాళ్లయిందో. మిల్లు గురించి మేమెవరం ఇన్నేళ్లలో ఒక్క ప్రశ్న అడగలేదని అప్పుడు తట్టింది. చెవులు పోయాయి కదా అని చెప్పాల్సింది చెప్పి ఊరుకోవడమే గానీ, ఆయనతో చెప్పించుకోలేదు.

రోడ్డు దాటితే కురుసుర జలాంతర్గామి. 1969 నుంచి 2001 దాకా పనిచేసింది, ఇప్పుడు అదీ మ్యూజియమే. "వెతికేది ఇటు, దాక్కునేది అటు" అని అబ్బాయి తెగ సంబరపడ్డాడు. నాన్న అలసిపోయారు, అందుకని అది మరోసారి చూద్దామని ఇసుకలో కూర్చుని మురీ మిక్స్చరు తిన్నాం. అమ్మాయి తాతయ్య ఎడమ పక్కనే కూర్చుంది.

ఇంటికొచ్చాక అటక మీది పాత గోనెసంచి దింపించి, అందులోంచి నాలుగు పోగులు లాగింది. నాన్న వాటిని తొడ మీద పెట్టి అరచేత్తో పేనారు. ఆయన చేతికి తొందర లేదు, తడబాటు లేదు. జానెడు తాడు తయారైంది. "లాగి చూడు" అన్నారు. అమ్మాయి రెండు చేతులా లాగింది. తాడు విడలేదు. ఇప్పుడది దాని బడి సంచికి వేలాడుతోంది.