రావి ఆకుతో తొట్లకొండకు

నాన్నకి పిండం పెట్టడానికి గయ వెళ్లినప్పుడు, ఎలాగూ అంత దూరం వచ్చాం కదా అని అమ్మని బుద్ధగయకీ తీసుకెళ్లాను. విశాఖలో ప్రతి శనివారం మా వీధి చివరి రావిచెట్టు చుట్టూ తిరిగే మనిషి. అంత పెద్ద గుడి ఉన్నా, దాని పడమటి గోడ పక్కనున్న బోధివృక్షం దగ్గరే కూర్చుండిపోయింది.

పాత చెట్టు 1876లో గాలివానకి పడిపోయిందనీ, దాని పిలకనే 1881లో బ్రిటిష్ పురావస్తు అధికారి కన్నింగ్‌హామ్ మళ్లీ నాటించాడనీ చెప్పాను. "బిడ్డ చెట్టన్నమాట. అయితే అదే చెట్టు" అంది అమ్మ. అంతకుముందు రోజే నాన్న పేరు చెప్పి పిండాలు పెట్టి వచ్చాం. ఆ మాట నాకు గట్టిగా తగిలింది.

అక్కడ ఆకు కోయకూడదు, రాలితే ఏరుకోవాలి. గంటకి ఒక్కటి రాలింది. నలుగురం వంగాం. ఎర్రబట్టల బౌద్ధ సన్యాసిని ఒకావిడకి దొరికింది. అమ్మ ముఖం చూసి, మాట్లాడకుండా ఆమె చేతిలో పెట్టేసింది.

మొన్న బుద్ధపూర్ణిమకి ఆ ఆకుని నాన్న డైరీలో పెట్టుకుని, మా విశాఖ దగ్గరే ఉన్న పాత బౌద్ధక్షేత్రం తొట్లకొండకి వెళ్లాం. మంగమారిపేట దగ్గర భీమిలి బస్సు దిగి ఆటోలో పైకి. 128 మీటర్ల ఎత్తు, కింద సముద్రం. నీళ్ల కోసం భిక్షువులు రాతిలో తొలిచిన తొట్ల వల్లే కొండకి ఆ పేరు. 1988 నుంచి 1993 దాకా జరిగిన తవ్వకాల్లో ఇక్కడ స్తూపాలు, విహారాలతో పాటు రోమన్ వెండి నాణేలూ దొరికాయి. ఎన్నేళ్లుగానో ఈ రోడ్డున భీమిలి వెళ్తూ ఒక్కసారీ పైకి ఎక్కనందుకు నిజంగా బాధేసింది.

"బుద్ధుడి విగ్రహం ఏదీ?" అంది అమ్మ. తొలిరోజుల్లో బొమ్మ చెక్కేవారు కాదనీ, స్తూపానికో, పాదాలకో, చెట్టుకో మొక్కేవారనీ, అమరావతి శిల్పాల్లో కూడా చాలాచోట్ల బుద్ధుడు ఉండాల్సిన చోట చెట్టూ ఖాళీ ఆసనమే కనిపిస్తాయనీ చెప్పాను. "మరి మనం చేసేదీ అదేగా" అంటూ చెప్పులు విప్పేసింది.

వైశాఖం ఎండ, కాళ్లు కాలుతున్నాయి. ఆకు పట్టుకుని మహాస్తూపం చుట్టూ మూడుసార్లు తిరిగింది. ఇక నీడకి వస్తుందనుకుని నీళ్ల సీసా తీశాను. ఆగలేదు, నాలుగోది మొదలుపెట్టింది.

"ఇది ఆ ఎర్రబట్టలావిడ పేరున" అంది.