కత్తి ఆపే జాకెట్, దానికో కాయితం: నా అనుభవం

జాకెట్ నిన్ననే చేతికొచ్చింది. కోపం చల్లారితే సగం మర్చిపోతానని ఇప్పుడే రాసేస్తున్నాను.

మాది శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గ. ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాను. సీజన్‌లో ఉద్దానం ఊళ్లకు బండి మీద వెళ్లి, జీడిపిక్కలు తూయించి, 80 కిలోల బస్తా లెక్కన రైతు చేతిలో డబ్బు పెట్టి రావడం కూడా నా పనే. ఫోన్‌లో కొట్టేయొచ్చుగా అని చదువుకున్న ప్రతివాడూ అడుగుతాడు. తూకం దగ్గర నిలబడ్డ రైతుకి కాటా దిగగానే నోట్లు కనబడాలి, లేకపోతే పక్క వ్యాపారి బస్తా ఎత్తుకుపోతాడు. ఇందులో తప్పేమీ లేదు కూడా. రైతు దగ్గర నేరుగా పంట కొన్నప్పుడు పదివేలు దాటిన నగదు చెల్లింపుకి ఆదాయపు పన్ను నియమాల్లో మినహాయింపు ఉంది. ఒక మనిషి ఒక రోజులో రెండు లక్షలు, ఆపైన నగదు తీసుకోకూడదన్న నియమం మాత్రం 2017 నుంచి ఉంది, దాన్ని నేను ఎన్నడూ దాటనివ్వలేదు. మా ఆడిటర్ కూడా ఈ విషయం నన్నే అడుగుతాడు.

కిందటి సీజన్‌లో మా లాగే డబ్బు పట్టుకెళ్లే ఇంకో ఫ్యాక్టరీ కుర్రాణ్ని సాయంత్రం పూట తోట దారిలో ఆపారు. దారి అడిగినట్టు దగ్గరకొచ్చి కడుపులో పొడిచి సంచీ లాక్కుపోయారు. కుర్రాడు బతికాడు, కానీ ఇప్పుడు బరువు ఎత్తలేడు. ఆ రోజు నుంచి మా ఆవిడ నేను బండి తీస్తే చాలు గుమ్మంలో నిలబడిపోతోంది. ఏటీఎంలో డబ్బులు పెట్టే వ్యానులకైతే 2018లో కేంద్రం నియమాలు పెట్టింది. ఇద్దరు తుపాకీ గార్డులు ఉండాలి, పల్లెల్లో సాయంత్రం ఆరు దాటాక డబ్బు నింపకూడదు. నాకు స్ప్లెండర్ బండి, దాని మీద నేను. అందుకని కత్తిపోటు ఆపే జాకెట్ కొనాలనుకున్నాను. మా సావుకారి ఒక్క మాటలో ఒప్పుకున్నారు, బిల్లు మాత్రం కంపెనీ పేరు మీద ఉండాలన్నారు.

ముందు సరుకు సంగతి చెప్పేస్తాను, ఎందుకంటే ఇక్కడే చాలామంది మోసపోతారు. ఆన్‌లైన్‌లో రెండు మూడు వేలకే నల్ల జాకెట్లు కనబడతాయి, ముందంతా జేబులు, పట్టీలు, చూడ్డానికి కమాండోలా ఉంటుంది. అది ఉత్తి నైలాన్ గుడ్డ, లోపల ఏమీ ఉండదు. మా బామ్మర్ది అలాంటిదే ఒకటి తెప్పించి నాకు చూపించాడు. వంటింట్లోంచి కూరగాయల కత్తి తెచ్చి దాని వీపులో గుచ్చితే ఇటు నుంచి అటు వచ్చింది. రిటర్న్ తీసుకోమని వాడు ఇప్పటికీ ఫోన్లు చేస్తూనే ఉన్నాడు.

రెండో మోసం ఇంకా పెద్దది, పాపం అమ్మేవాళ్లకీ తెలియదు. బుల్లెట్ ఆపే జాకెట్ కత్తిని కూడా ఆపుతుందనుకుంటారు. ఆపదు, కనీసం ఆపి తీరాలని లేదు. తుపాకీ గుండు మొన మొద్దుగా ఉంటుంది, వేగంగా వచ్చి తగిలి చితికిపోతుంది, కెవ్లార్ లాంటి దారాలు ఆ దెబ్బని చుట్టుపక్కలకి పంచేస్తాయి. కత్తి మొన అలా కాదు. నేతలో దారాలని పక్కకి నెట్టుకుంటూ సందు చేసుకుంటుంది, వెనకాలే అంచు కోసుకుంటూ పోతుంది. అందుకే కత్తి కోసం చేసే జాకెట్లలో నేత బాగా బిగుతుగా ఉంటుంది, లేదా పొరలని రెజిన్ అనే జిగురుతో అతికిస్తారు, కొన్నిటిలో సన్న ఇనప గొలుసుల వల కూడా వేస్తారు. విశాఖపట్నంలో ఒక దుకాణాయన నాకు ఫోన్‌లో ఐఎస్ 17051 సర్టిఫికెట్ చూపించి, "ఇండియన్ స్టాండర్డ్ సార్, ఇంతకంటే ఏం కావాలి" అన్నాడు. అది 2018లో వచ్చిన బుల్లెట్ జాకెట్ల ప్రమాణం, నాకు కత్తికి కావాలయ్యా అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత నన్ను సార్ అనడం పోయి గురువుగారూ అనడం మొదలుపెట్టాడు.

మీరు అడగాల్సింది అమెరికా న్యాయశాఖ పరిశోధన సంస్థ ఎన్ఐజే వాళ్లు 2000లో పెట్టిన 0115.00 అనే ప్రమాణం. అందులో మూడు లెవెళ్లు, ఒకటోది 24 జౌల్స్ శక్తితో పడే పోటుకి, రెండోది 33కి, మూడోది 43కి. ఆ పోటుకి కత్తి మొన లోపలి వైపు ఏడు మిల్లీమీటర్లు దాటి రాకూడదు. దాదాపు ఒకటిన్నర రెట్లు గట్టి పోటు పెట్టి కూడా పరీక్షిస్తారు, అప్పుడు ఇరవై మిల్లీమీటర్ల వరకు ఒప్పుకుంటారు. అంటే ఏమీ గుచ్చుకోదని కాదు, లోపలి అవయవాల దాకా పోనివ్వదని. ఇంకొకటి, అంచున్న కత్తులకి ఒక తరగతి, మేకులాంటి మొనలకి ఇంకో తరగతి. మన వైపు తోటల్లో చేతికి దొరికేది కత్తే కాబట్టి నేను కత్తి తరగతి, రెండో లెవెల్ తీసుకున్నాను.

ఇక్కడి వరకూ బాగానే ఉంది. డబ్బులు వేస్తానన్నాక ఆ దుకాణాయన, "మీ పోలీస్ స్టేషన్ నుంచి ఒక లెటర్ పంపండి గురువుగారూ, ఎవరికి పడితే వాళ్లకి ఇవ్వం" అన్నాడు. ఇది చట్టంలో ఎక్కడుందో చూపించమన్నాను. చట్టం కాదట, వాళ్ల దుకాణం పద్ధతట. సరే, మంచిదే అనుకున్నాను. దొంగ చేతికి కూడా ఈ జాకెట్ పోకూడదు కదా.

ఏ స్టేషనో చెప్పను. మళ్లీ అదే దారిలో తిరగాలి.

పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను. స్టేషన్ కాయితాలు రాసే రైటర్ ఇంకా రాలేదు. కూర్చోమన్న బెంచీ మీద అప్పటికే ముగ్గురు ఉన్నారు, పేకాటలో పట్టుకొచ్చిన వాళ్లు. వాళ్ల పక్కనే కూర్చున్నాను. బయట రోడ్డు మీద పోయేవాళ్లందరికీ మేం నలుగురం ఒక జట్టుగా కనబడ్డాం. మా వీధి పాలాయన సైకిల్ ఆపి మరీ చూశాడు.

రైటర్ వచ్చాక నా కాయితం చదివి పక్కన ఉన్న హోంగార్డుకి ఇచ్చాడు. ఆయన చదివి ఇంకొకరికి ఇచ్చాడు. అందరూ చదివాక ఒక కానిస్టేబుల్, "ఏటి బావూ, ఎలుగుబంటి కోసమేటి?" అన్నాడు. పేకాట వాళ్లతో సహా అందరూ నవ్వారు.

ఎలుగు మాట నవ్వులాట కాదు మా వైపు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి దగ్గర ఎలుగు ఒక రైతుని చంపింది, ఇంకొందరిని చీరేసింది. జీడితోటకి ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లని అడగండి, నవ్వు వస్తుందేమో. పైగా ఎలుగు ముఖం మీదకి, తల మీదకి వస్తుంది, ఛాతీ జాకెట్ దానికేం పనికొస్తుంది! ఇదంతా అక్కడ చెప్పలేదు. చెప్పుంటే ఇంకాసేపు నవ్వేవాళ్లు.

తర్వాత అసలు విచారణ మొదలైంది. నీకు ప్రాణభయం ఉందా అని అడిగారు. ఉంది కాబట్టే వచ్చానన్నాను. ఎవరి వల్ల, పేరు చెప్పు, కంప్లైంట్ రాసుకుంటాం అన్నారు. ఫలానా అని ఎవరూ లేరు, దారిలో ఎవడైనా కావచ్చు అన్నాను. అయితే భయం లేనట్టే కదా, మరి జాకెట్ ఎందుకు అన్నారు. డబ్బు పట్టుకెళ్తాను కాబట్టి అన్నాను. ఎంత పట్టుకెళ్తావు, ఏ రోజు, ఏ దారిలో అన్నారు. అంతమంది మధ్య, పేకాట వాళ్ల ఎదురుగా, నేను ఎంత డబ్బు ఏ దారిలో తీసుకెళ్తానో చెప్పాలట! నేను నోరు మూసుకున్నాను. మూసుకోగానే అనుమానం మొదలైంది.

"చొక్కా ఎత్తు" అన్నాడు రైటర్.

ఎందుకండీ అన్నాను. పాత కత్తిపోట్లు ఏమైనా ఉన్నాయేమో చూడాలట, పాత గొడవలు ఉన్నవాళ్లే ఇలాంటివి అడుగుతారట. యాభై దాటినవాణ్ని, కూతురికి పెళ్లి చేసినవాణ్ని, స్టేషన్ మధ్యలో నిలబడి చొక్కా ఎత్తాను. అపెండిక్స్ ఆపరేషన్ కుట్లు కనబడ్డాయి. "ఇదేటిది మరి?" అన్నాడు. ఆపరేషనండీ అన్నాను. ఆస్పత్రి కాయితం ఉందా అన్నాడు. 1998లో కోసిన అపెండిక్స్‌కి కాయితం ఎవడు దాచుకుంటాడు? వెనక్కి తిరగమన్నాడు, తిరిగాను. ఫ్యాను గాలి వీపుకి తగులుతుంటే చెవులు మాత్రం కాలిపోయాయి. పేకాట వాళ్లలో ఒకడు, మా ఫ్యాక్టరీలో ఒకప్పుడు పిక్కలు కాల్చే బట్టీ దగ్గర పనిచేసినవాడు, తల దించుకున్నాడు. ఆ స్టేషన్‌లో నాకు మర్యాద ఇచ్చింది వాడొక్కడే.

చివరికి ఇలాంటి లెటర్‌కి మా దగ్గర ఫార్మాట్ లేదు, వార్డు సచివాలయానికి వెళ్లు అన్నారు. అక్కడి అమ్మాయి కంప్యూటర్‌లో లిస్టు అంతా పైనుంచి కిందకి జరిపి, "ఈ సర్వీసు లేదు అంకుల్, స్టేషన్లో అడగండి" అంది. ఆ అమ్మాయిని ఏమనలేదు. మంచినీళ్లు ఇచ్చింది.

ఇంటికొచ్చేసరికి అత్తగారి ఫోన్. "అల్లుడుగారు ఏ కేసులో ఇరుక్కున్నారమ్మా" అని మా ఆవిడని అడుగుతోంది. సాయంత్రానికి నేను బయట అప్పులు చేశానని, ఎవరో చంపుతామన్నారని కూడా తేలిపోయింది. ఒక సంగతి చూడండి. తాగి బండి నడిపేవాణ్ని ఎవడూ ఎందుకని అడగడు. హెల్మెట్ పెట్టుకున్నవాడు మాత్రం ఊళ్లో అందరికీ జవాబు చెప్పుకోవాలి.

దారి చూపించింది రిటైరైన ఒక హెడ్ కానిస్టేబుల్, మా సావుకారికి బంధువు. "నువ్వు లెటర్ ఇమ్మని అడిగావు, అందుకే తిప్పారు. ఎవడు సంతకం పెట్టినా రేపు వాడి పీకకే చుట్టుకుంటుందని భయం. అడక్కు, తెలియజెయ్యి" అన్నారు. తెలుపుకొను సమాచారం ఏమనగా అని ఒక పేజీ రాశాను. కంపెనీ లెటర్‌హెడ్ మీద, నా ఆధార్ జిరాక్స్ జోడించి, ఆత్మరక్షణ కోసం ఇలాంటి జాకెట్ కొంటున్నామని, ఇది ఆయుధం కాదని, తమ సమాచారం నిమిత్తం అని. రెండు కాపీలు. ఒకటి వాళ్లకిచ్చి రెండోదాని మీద అందినట్టు ముద్ర, తేదీ వేయించుకున్నాను. అదే రైటర్, తల కూడా ఎత్తకుండా ముద్ర గుద్దాడు. చూసుంటే మళ్లీ చొక్కా ఎత్తమనేవాడేమో. విశాఖ ఆయనకి ఆ ముద్ర కాపీ ఫొటో పంపితే "సూపర్ గురువుగారూ" అన్నాడు. ఇంతకీ ఆ కాయితం లోపల ఏముందో ఇద్దరిలో ఎవరూ చదివినట్టు లేదు.

కొలతల సంగతి. నిలబడి ఇవ్వకండి, కూర్చుని ఇవ్వండి. బండి మీద కూర్చున్నప్పుడు జాకెట్ కింది అంచు ప్యాంటు బెల్టుకి తగిలితే మొత్తం పైకి లేచి గొంతుకి పట్టేస్తుంది. బొడ్డు పైన ఆగాలి. పక్కల్లో ముందు ముక్క, వెనక ముక్క ఒకదాని మీద ఒకటి ఎక్కాలి, సందు ఉంటే కత్తికి అదే దారి. డబ్బు కట్టేముందు లోపలి ప్యానెల్ మీద లేబుల్ ఫొటో అడగండి. దాని మీద లెవెల్, సీరియల్ నంబర్, తయారైన తేదీ, ఒంటి వైపు ఏదో బయటి వైపు ఏదో ఉండాలి. తయారైన తేదీ ముఖ్యం, కంపెనీలు సాధారణంగా ఐదేళ్లకే గ్యారంటీ ఇస్తాయి, నాకు ముందు మూడేళ్ల పాతది అంటగట్టబోయారు. ఉతకాల్సింది పై గుడ్డ మాత్రమే. ప్యానెల్ తీసి తడిగుడ్డతో తుడిచి, మడత పెట్టకుండా నీడలో పరచాలి. ఎండ, తడి, బ్లీచింగ్ ఆ దారాలకి పడవు. మా ఆవిడ అప్పుడే దాన్ని మేడ మీద దండెం మీద వేయబోయింది.

వేసుకుంటే ఎలా ఉందంటే, మన ఉక్కపోతకి పావుగంటలో బనీను తడిసి ముద్దవుతుంది. రెండు కిలోలు పైనే బరువు. మెడ, చేతులు, తొడలు బయటే ఉంటాయి, అక్కడ పొడిస్తే జాకెట్ ఏమీ చెయ్యదు. డబ్బు అడిగితే సంచీ ఇచ్చేయడం అనే నియమం మారలేదు, ఇది ఇచ్చేశాక కూడా పొడిచేవాడి కోసం. పాత చొక్కాలు దీని మీద పట్టడం లేదు. ఒక సైజు పెద్దవి కుట్టిస్తున్నాను, టైలర్ కూడా ఎందుకని అడిగాడు. ఒళ్లు చేశానని చెప్పాను.

మిగిలింది ఖాతా గొడవ. బిల్లు కంపెనీ పేరు మీదే వచ్చింది, జీఎస్టీతో సహా. ఆడిటర్ దీన్ని స్టాఫ్ వెల్ఫేర్‌లో రాయమంటున్నాడు. ఐదేళ్లు వాడే వస్తువు, ఆస్తి కింద చూపించి తరుగుదల వేయాలని నేనంటున్నాను. సావుకారి, కాటాని రాసిన చోటే దీన్నీ రాసెయ్యండి అంటున్నారు.